గామోవాకి ఒలింపిక్ గోల్డ్ ఎందుకు రాలేదు? రెండు ఫైనల్స్‌లో 2-0 లీడ్ ఉండి కూడా

అంతర్వేది_షూటర్
నిన్న రాత్రి నిద్ర పట్టక 2004 ఏథెన్స్ లేడీస్ వాలీబాల్ ఫైనల్ మొత్తం చూశాను, రష్యా చైనా మ్యాచ్. రిజల్ట్ ముందే తెలుసు, అయినా చూస్తుంటే గుండె పట్టేసినట్టయింది. మొదటి రెండు సెట్లు రష్యా 30-28, 27-25 తో లాగేసింది. ఇంకొక్క సెట్ కొడితే గోల్డ్. అక్కణ్ణించి 20-25, 23-25, 12-15. యెకాటెరినా గామోవా ఒక్కతే 33 పాయింట్లు కొట్టింది ఆ రోజు, 33 కొట్టి సిల్వర్ వేసుకుని నిలబడింది. దానికి నాలుగేళ్ల ముందు సిడ్నీలో కూడా ఇంతే, క్యూబా మీద 2-0 లీడ్‌లో ఉండి 3-2 తో పోయింది. వరల్డ్ ఛాంపియన్‌షిప్ రెండుసార్లు గెలిచిన మనిషికి ఒలింపిక్ గోల్డ్ లేకపోవడం నాకు అస్సలు మింగుడు పడట్లేదు. దురదృష్టమా, లేక టీమంతా ఆవిడ మీదే పడిపోవడం వల్లా? వాలీబాల్ తెలిసినవాళ్లు చెప్పండి.

మిడిల్_బ్లాకర్
ఆవిడ ఎత్తు 202 సెంటీమీటర్లు. ఆ ఎత్తు ఉంటే ఎవరైనా కొడతారు. గోల్డ్ రావాలంటే ఎత్తు కాకుండా ఇంకేదో కావాలి, అది లేదు. సింపుల్.

అంతర్వేది_షూటర్
@మిడిల్_బ్లాకర్ ఎవరైనా కొడతారా? మా ఊళ్లో ఆరడుగుల మూడంగుళాల అబ్బాయి ఉన్నాడు, పదేళ్లుగా నెట్‌లోకే కొడుతున్నాడు.

లిఫ్టర్_అన్న
😂 మా దగ్గర గూడ ఒకడున్నడు గట్లనే. ఎత్తు సూసి టీంల తీస్కున్నం, బాల్ ఇస్తె ఔట్ కొడతడు.

స్కోర్‌బుక్
ఎత్తు సంగతి లెక్కల్లో చూద్దాం. ఆడవాళ్ల నెట్ 2.24 మీటర్లు, మగవాళ్లది 2.43. గామోవా ఎగిరి కొట్టే ఎత్తు 3.21 మీటర్లని రికార్డుల్లో ఉంటుంది, అంటే నెట్ మీద దాదాపు మీటరు పైన బాల్ తగులుతుంది. ఇది పెద్ద అడ్వాంటేజే, ఎవరూ కాదనరు. కానీ ఎదుటి టీమ్‌కి కూడా ఆ సంగతి మొదటి సర్వీస్ నుంచే తెలుసు కదా, ఇద్దరు బ్లాకర్లు ముందే వచ్చి నిలబడతారు, వెనక డిఫెన్స్ ఆవిడ చెయ్యి చూసే సర్దుకుంటుంది. అయినా 33 కొట్టిందంటే ఎత్తు ఒక్కటే కాదు. బ్లాక్ మీద నుంచి ఎప్పుడు కొట్టాలి, బ్లాకర్ వేళ్లకి తగిలించి ఎప్పుడు బయటకి పంపాలి, ఎప్పుడు మెల్లగా ప్లేసింగ్ చెయ్యాలి, ఇవన్నీ బుర్రతో పని.

మిడిల్_బ్లాకర్
@స్కోర్‌బుక్ ఒప్పుకుంటా, కానీ "అన్ని బంతులూ గామోవాకే" అన్న ప్లాన్ వల్లే ఓడిపోయారు అన్నది నా పాయింట్. చైనా చిన్న చిన్న పాస్‌లతో స్పీడ్‌గా ఆడింది, రష్యా ఎత్తుగా లేపడం ఆవిడ కొట్టడం. మూడో సెట్‌కి వచ్చేసరికి చైనావాళ్లకి టైమింగ్ అర్థమైపోయింది. పైగా చైనా ఎంత కష్టంలో ఉందో చూడండి, జావో రుయిరుయి అని 197 సెంటీమీటర్ల అమ్మాయి, వాళ్లలో అందరికంటే పొడుగు, మొదటి మ్యాచ్‌లోనే కాలి గాయం తిరగబెట్టి టోర్నీ నుంచి బయటకి వెళ్లిపోయింది. ఆ అమ్మాయి లేకుండానే గెలిచారు.

స్కోర్‌బుక్
సరే, ఆ పాయింట్‌కే వస్తాను, కాగితం మీద వేసి చూశాను. ఏథెన్స్ ఫైనల్లో రష్యా ఐదు సెట్లలో మొత్తం పాయింట్లు 30+27+20+23+12, అంటే 112. అందులో గామోవావి 33, నూటికి 29. ఇప్పుడు 2010 వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్, టోక్యోలో బ్రెజిల్ మీద. సెట్లు 21-25, 25-17, 20-25, 25-14, 15-11. రష్యావి మొత్తం 106, అందులో గామోవావి 35. అంటే మూడింట ఒకటి! ఏథెన్స్ కంటే ఎక్కువ భారం మోసింది, ఆ రోజు గెలిచారు, టోర్నీ బెస్ట్ ప్లేయర్ కూడా ఆవిడే. మరి "అన్నీ ఆవిడకే ఇవ్వడం వల్ల ఓడిపోయారు" అంటే 2010లో ఎందుకు ఓడిపోలేదు? ఎదుటివాళ్ల తప్పుల వల్ల వచ్చే పాయింట్లు కూడా ఆ 106లోనే ఉన్నాయని గుర్తుపెట్టుకోండి, అంటే రష్యా సొంతంగా కొట్టినవాటిలో ఆవిడ వాటా ఇంకా ఎక్కువే.

గోదారి_గాలి
ఈయనకి ఎవరైనా ఇంటర్ లెక్కల మాస్టారి ఉద్యోగం ఇప్పించండి బాబూ 🙏

మిడిల్_బ్లాకర్
లెక్క బానే ఉంది. ఆలోచిస్తా.

కజాన్_డాక్టర్
నేను ఎంబీబీఎస్ రష్యాలో, కజాన్‌లో చేశాను, 2011 నుంచి అక్కడే ఉన్నా. గామోవా 2010లో డైనమో కజాన్ క్లబ్‌కి వచ్చింది, 2016 దాకా అక్కడే ఆడింది. మా హాస్టల్లో ఒక సీనియర్ ఉండేవాడు, కడప అబ్బాయి, వాలీబాల్ పిచ్చి. బయట మైనస్ ఇరవై, లోపల అనాటమీ పుస్తకం, "రారా గామోవా మ్యాచ్ ఉంది" అని లాక్కుపోయాడు. నాకు అప్పటికి ఆవిడ పేరు కూడా తెలీదు. వార్మప్‌లో నెట్ పక్కన నిలబడి చెయ్యి పైకెత్తితే, ఎగరకుండానే, మోచేతి నుంచి పైభాగం నెట్ మీద కనిపించింది. నేను బిత్తరపోయి చూస్తూ ఉండిపోయా. కానీ మ్యాచ్ మొదలయ్యాక నాకు గుర్తుండిపోయింది ఆ ఎత్తు కాదు, ఆవిడ మొహం. పాయింట్ వచ్చినా పోయినా ఒకేలా ఉంటుంది. తప్పు కొడితే వెంటనే బాల్ లేపి ఇచ్చే లిఫ్టర్ వైపు తిరిగి చూస్తుంది, మళ్లీ ఇవ్వు అన్నట్టు. తర్వాత చాలా మ్యాచ్‌లకి వెళ్లాను. 2011 నుంచి 2015 దాకా వరసగా ఐదుసార్లు రష్యన్ లీగ్ గెలిచారు వాళ్లు. 2014లో అయితే మార్చిలో బాకూలో ఛాంపియన్స్ లీగ్, ఫైనల్లో ఇస్తాంబుల్ వకీఫ్‌బ్యాంక్ మీద 3-0, తర్వాత మేలో జ్యూరిక్‌లో క్లబ్ వరల్డ్ ఛాంపియన్‌షిప్, బ్రెజిల్ టీమ్ ఒసాస్కో మీద 3-0. రెండింట్లోనూ బెస్ట్ ప్లేయర్ గామోవాయే. అప్పటికి 33 ఏళ్లు.

పొడుగుపిల్ల
@కజాన్_డాక్టర్ లైవ్‌లో చూశారా!! ఎంత అదృష్టం మీది.

లిఫ్టర్_అన్న
ఆ కోచ్ ముచ్చట ఎవ్వరు తీస్తలేరేంది? నికొలాయ్ కార్పోల్. టైమవుట్ల ఆ ముసలాయన అమ్మాయిల మీద ఒర్లుడు సూసిన్రా? గామోవా ఉరలోచ్కా టీంల 1998 కాడికెల్లి 2004 దాక గాయిన చేతి కిందనే ఉన్నది, నేషనల్ టీంకి కూడా గాయినే కోచ్. సోవియట్ టైంల 1980ల, 1988ల ఒలింపిక్ గోల్డ్ తెచ్చిన కోచ్, గది కాదంటలేను. గని సిడ్నీల 19 ఏండ్ల పిల్ల ఒలింపిక్ ఫైనల్ ఆడుతుంటె, 2-0 లీడ్ పోయి గుండె దడదడ కొట్టుకుంటుంటె, మీదికెల్లి ఒర్లితె చేతులు పని చేస్తయా? నేను లిఫ్టర్‌ను, నాకు తెలుసు, కోచ్ ఒర్రినంక బాల్ కిందికెల్లే పోతది.

బెజవాడ_పీఈటీ
@లిఫ్టర్_అన్న ఆ అరుపుల గురించి రెండు వైపులా చెప్పాలి. నేను స్కూల్లో పీఈటీగా 22 ఏళ్లు చేశాను. అరిస్తే ఆడే పిల్లలున్నారు, అరిస్తే ఆటే మానేసే పిల్లలున్నారు, ఎవరు ఎవరో తెలుసుకోవడమే మా పని. కార్పోల్ గారి కాలం వేరు, ఆ పద్ధతిలోనే ఆ పిల్లలు పెరిగారు. కానీ అదే ఏథెన్స్‌లో ఫైనల్‌కి ముందు సెమీఫైనల్ ఎవరూ చెప్పలేదేం? బ్రెజిల్ 2-1 లీడ్, నాలుగో సెట్‌లో 24-19. ఐదు మ్యాచ్ పాయింట్లు చేతిలో పెట్టుకుని ఉంది బ్రెజిల్. అక్కడి నుంచి రష్యా ఆ సెట్ 28-26 తో లాక్కుంది, ఐదో సెట్ 16-14. అదే కోచ్, అదే అరుపులు, అదే పిల్లలు. అరుపుల వల్ల ఓడిపోయారంటే మరి ఆ సెమీస్ ఎవరి వల్ల గెలిచారు?

అంతర్వేది_షూటర్
24-19 నుంచా! నేను ఫైనల్ మాత్రమే చూశా. ఇవాళ రాత్రి కూడా నిద్ర లేనట్టే.

గోదారి_గాలి
@బెజవాడ_పీఈటీ మాస్టారూ ఆ ఉసురే తగిలింది. బ్రెజిల్ వాళ్ల ఉసురు. 2012 లండన్ క్వార్టర్ ఫైనల్ గుర్తు చేసుకోండి.

స్కోర్‌బుక్
లండన్ నేను రాద్దామనుకుంటూ వాయిదా వేస్తున్నా, రాయాలంటేనే బాధ. గ్రూపులో రష్యా ఐదుకి ఐదు గెలిచింది. బ్రెజిల్ అయితే గ్రూపులోనే బయటకి పోతుందేమో అన్నంత దాకా వెళ్లి నాలుగో ప్లేస్‌లో బతికి బట్టకట్టింది. క్వార్టర్స్‌లో ఇద్దరూ తగిలారు. 26-24, 22-25, 25-19, 22-25, ఐదో సెట్ 19-21. ఆ ఐదో సెట్లో రష్యాకి ఆరు మ్యాచ్ పాయింట్లు వచ్చాయి. ఆరు! ఒక్కటి పడితే చాలు. బ్రెజిల్ షెయ్‌లా ఒకదాని తర్వాత ఒకటి కాపాడుకుంటూ వచ్చింది. బ్రెజిల్ అక్కణ్ణించి వెళ్లి గోల్డ్ కొట్టింది. గామోవాకి అప్పుడు 31.

పొడుగుపిల్ల
ఆ మ్యాచ్ నేను లైవ్ చూశాను, అందుకే ఈ థ్రెడ్ చూడగానే లాగిన్ అయ్యాను, రెండేళ్ల తర్వాత. నా ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు. ఇంటర్‌లో ఉన్నప్పుడే ఇంత ఉన్నా. హాస్టల్లో నన్ను తాటిచెట్టు అనేవాళ్లు, గ్రూప్ ఫోటోలో ఎప్పుడూ వెనక్కి పొమ్మనేవాళ్లు, నేనే భుజాలు వంచుకుని నడవడం అలవాటు చేసుకున్నా. మా అమ్మమ్మ "దీనికి సంబంధం ఎక్కణ్ణించి తెస్తారే" అని వచ్చిన ప్రతి చుట్టం ముందూ అనేది. ఆ ఆగస్టులో టీవీలో ఏదో ఛానల్ తిప్పుతుంటే ఈవిడ కనిపించింది. నాకంటే ఇరవై సెంటీమీటర్లు పైన. వీపు నిటారుగా పెట్టుకుని నడుస్తోంది. ఓడిపోయాక కూడా అలాగే నడిచి వెళ్లింది. నాకు వాలీబాల్ రూల్స్ ఒక్కటి కూడా తెలీదు అప్పటికి. మర్నాడు కాలేజీ పీడీ సార్ దగ్గరికి వెళ్లి నేను ఆడతాను సార్ అన్నాను. ఆలస్యంగా మొదలుపెట్టా కాబట్టి యూనివర్సిటీ టీమ్ దాకానే వెళ్లగలిగాను. కానీ భుజాలు వంచడం మాత్రం ఆ రోజుతో ఆగిపోయింది. అందుకే "ఎత్తుంటే ఎవరైనా కొడతారు" అనే మాట చూస్తే మనసు చివుక్కుమంటుంది @మిడిల్_బ్లాకర్. ఎత్తుని మోయడం కూడా నేర్చుకోవాలి.

మిడిల్_బ్లాకర్
@పొడుగుపిల్ల సారీ అక్కా. ఆ మాట నేను తేలిగ్గా అనేశాను. వెనక్కి తీసుకుంటున్నా.

లిఫ్టర్_అన్న
గిట్ల ఫోరంల తప్పు ఒప్పుకున్నోణ్ని పదేండ్లల్ల మొదటిసారి సూస్తున్న. శభాష్ తమ్ముడు.

కజాన్_డాక్టర్
పొడుగుపిల్ల గారు రాసింది చదివాక ఇంకోటి చెప్పాలనిపించింది. ఆవిడ పుట్టింది చెల్యాబిన్‌స్క్‌లో, 1980 అక్టోబర్ 17న. ఉరల్స్ వైపు ఉక్కు ఫ్యాక్టరీల ఊరు, చలికి పేరు పడ్డది. అక్కడే మెటార్ అనే క్లబ్‌లో మొదలుపెట్టి, తర్వాత యెకాటెరిన్‌బర్గ్ ఉరలోచ్కా. కార్పోల్ తర్వాత 2004లో డైనమో మాస్కో, 2009-10 ఒక్క సీజన్ ఇస్తాంబుల్ ఫెనర్‌బాచే. అక్కడ కూడా టర్కీ లీగ్ గెలిచి ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా వెళ్లారు, ఇటలీ బెర్గామో మీద మళ్లీ 3-2 ఓటమి. ఐదో సెట్ అంటే ఆవిడకి ఏదో ఉంది.

స్కోర్‌బుక్
@కజాన్_డాక్టర్ "ఐదో సెట్ అంటే ఆవిడకి ఏదో ఉంది" అనకండి డాక్టర్ గారూ, రెండు వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లూ ఐదో సెట్లోనే వచ్చాయి! 2006 ఒసాకా, ఫైనల్ బ్రెజిల్ మీద, ఐదో సెట్ 15-13. 2010 టోక్యో, మళ్లీ బ్రెజిల్, 15-11. సిడ్నీ, ఏథెన్స్, లండన్ ఐదో సెట్‌లో పోయాయి, ఒసాకా, టోక్యో ఐదో సెట్‌లో వచ్చాయి. ఇంకో సంగతి, 2006 నాటికి కోచ్ మారాడు, జొవానీ కాప్రారా అని ఇటలీ ఆయన. అరుపులు లేవు, ఆట కొంచెం మారింది, సోకొలోవా, గామోవా, గోదినా అందరూ ఉన్నారు. 2010కి కుజ్యుత్కిన్, మళ్లీ రష్యా కోచే. కోచ్ ఎవరైనా ఆవిడ గెలిచింది, కోచ్ ఎవరైనా ఆవిడ ఓడింది.

గోదారి_గాలి
ఎటు చూసినా బ్రెజిలే. ఈ రెండు టీమ్‌లదీ అత్తాకోడళ్ల పోరు. 2004 సెమీస్ రష్యా, 2006 రష్యా, 2010 రష్యా, 2012 బ్రెజిల్. ఈ నాలుగింట్లో బ్రెజిల్ వాళ్లు గెలిచింది ఒక్కసారే, గెలిచింది మాత్రం సరైన రోజున.

అంతర్వేది_షూటర్
బీజింగ్ 2008 ఏమైంది? ఎవరూ దాని గురించి రాయలేదు.

స్కోర్‌బుక్
క్వార్టర్స్‌లో చైనా మీద 0-3. రాయడానికి ఏమీ లేదు, అందుకే.

నెల్లూరు_నెట్
లండన్ గురించి మాట్లాడేటప్పుడు కోచ్ సెర్గేయ్ ఓవ్చిన్నికోవ్‌ని కూడా తలుచుకోవాలి. ఆ ఒలింపిక్స్ అయిన అదే నెలలో, ఆగస్టు 2012లో, డైనమో మాస్కో టీమ్‌తో క్రొయేషియాలో క్యాంప్‌లో ఉండగా చనిపోయాడు. 43 ఏళ్లు. నేను ఆ వార్త చదివాక ఆ ఆరు మ్యాచ్ పాయింట్ల వీడియో మళ్లీ ఎప్పుడూ పెట్టలేదు. మనం ఇక్కడ కూర్చుని వీళ్లు ఓడారు వాళ్లు ఓడారు అంటాం గానీ ఆ మనుషులు ఇంటికి ఏం మోసుకెళ్తారో మనకేం తెలుసు.

బెజవాడ_పీఈటీ
అవును. ఆ వార్త మా స్టాఫ్ రూమ్‌లో పేపర్లో చదివాం. ఆ రోజు ప్రాక్టీస్‌లో నేను ఎవరినీ ఏమీ అనలేకపోయాను.

పొడుగుపిల్ల
🙏

లిఫ్టర్_అన్న
నాకొక డౌట్. గామోవా ఆడేది అప్పోజిట్ పొజిషన్, అప్పోజిట్ అంటె సర్వీస్ రిసీవ్ చెయ్యది గద? మా ఊర్ల అందరం అన్ని చేస్తం. గామోవా రిసీవ్ చెయ్యకపోతె గామెకు రెస్ట్ ఉన్నట్టే గద, మరి అంత భారం మోసుడు ఏంది?

బెజవాడ_పీఈటీ
@లిఫ్టర్_అన్న రిసీవ్ చెయ్యదు, నిజమే, అప్పోజిట్ పని కొట్టడమే. కానీ ఒక్కటి ఆలోచించు. పాస్ సరిగ్గా రాలేదు, బాల్ ఎక్కడో కోర్ట్ బయటకి పోయింది, లిఫ్టర్ పరిగెత్తి ఎలాగో అందుకుని గుడ్డిగా ఎత్తుగా లేపాడు. ఆ బాల్ ఎవరికి లేపుతావు నువ్వైతే?

లిఫ్టర్_అన్న
మా పెద్ద షూటర్‌కే.

బెజవాడ_పీఈటీ
అదీ. మంచి బాల్ నెట్ మధ్యలో ఆడే మిడిల్ వాళ్లు కొడతారు, చెడ్డ బాల్ గామోవా కొట్టాలి. ముగ్గురు బ్లాక్ వచ్చి నిలబడి ఉంటారు, బాల్ నెట్‌కి దూరంగా ఉంటుంది, అక్కణ్ణించి పాయింట్ తేవాలి. ముందు లైన్లో ఉన్నప్పుడే కాదు, వెనక లైన్‌కి వెళ్లినా మూడు మీటర్ల గీత వెనక నుంచి ఎగిరి కొట్టాలి. ఐదు సెట్లు. ఆ ఒంటితో ప్రతిసారీ ఎగరడం దిగడం మోకాళ్ల మీద ఎంత బరువో అక్కడున్న డాక్టర్ గారిని అడుగు.

కజాన్_డాక్టర్
మోకాళ్ల సంగతి మాస్టారు కరెక్ట్. జంపర్స్ నీ అని పేరే ఉంది దానికి, మోకాలి చిప్ప కింద టెండన్ అరిగిపోతుంది. అలాంటి కెరీర్‌ని 1998 నుంచి 2016 దాకా లాగడం మామూలు విషయం కాదు. 2016 మేలో రిటైర్మెంట్ చెప్పేసింది, రియోకి మూడు నెలల ముందు. మా హాస్టల్ కడప అన్న అప్పటికి ఇండియా వచ్చేశాడు, అక్కణ్ణించి ఫోన్ చేసి "అయిపోయిందిరా" అన్నాడు, ఇంకేం మాట్లాడలేదు. రియోలో రష్యా క్వార్టర్స్‌లో సెర్బియా మీద 0-3.

నెల్లూరు_నెట్
టాపిక్ మారుస్తున్నా అనుకోకండి, సరదాకి. ఆవిడ భర్త సినిమా కెమెరామన్ మిఖాయిల్ ముకాసెయ్. ఆయన తాత, అదే పేరు ఆయనది కూడా, నాయనమ్మ ఎలిజవెటా, ఇద్దరూ సోవియట్ కాలంలో విదేశాల్లో ఏళ్ల తరబడి దొంగపేర్లతో బతికిన గూఢచారులు. నిజం.

గోదారి_గాలి
దొంగపేరుతో బతికిన వాళ్లింటికి 202 సెంటీమీటర్ల కోడలు. ఎక్కడ దాక్కుంటుంది పాపం 😄

లిఫ్టర్_అన్న
😂😂

ముగ్గురు_పిల్లల_తండ్రి
మూడు రోజులుగా చదువుతున్నా, ఇవాళ అకౌంట్ చేసుకున్నా. మాది ప్రకాశం జిల్లా. మా పెద్దపాపకి 13 ఏళ్లు, అప్పుడే 5 అడుగుల 8. స్కూల్ గ్రౌండ్‌లో మగపిల్లలతో వాలీబాల్ ఆడుతుంది. ఒక అకాడమీకి తీసుకెళ్తే ఎత్తు కొలిచి అటాకర్ అన్నారు, రోజూ రెండొందల జంప్‌లు సిమెంట్ కోర్ట్ మీద చేయిస్తున్నారు. రాత్రి మోకాళ్లు నొప్పి అంటోంది. మానిపించాలా, ఆడనివ్వాలా తెలీట్లేదు. పీఈటీ మాస్టారూ, డాక్టర్ గారూ, కాస్త చెప్పండి.

కజాన్_డాక్టర్
సిమెంట్ మీద రోజూ రెండొందల జంప్‌లు ముందు ఆపించండి. ఎదిగే వయసు, ఎముక చివర్లు ఇంకా మెత్తగా ఉంటాయి. దగ్గర్లో ఆర్థో డాక్టర్‌కి చూపించండి, ఇక్కడ రాసినదాన్ని నమ్ముకుని ఊరుకోవద్దు. నొప్పి తగ్గాక మట్టి కోర్ట్ మీద ఆడించండి. ఆట మానిపించక్కర్లేదు.

బెజవాడ_పీఈటీ
మట్టి కోర్ట్, మంచి బూట్లు, వారానికి కనీసం రెండు రోజులు జంప్ లేకుండా. ఇంకోటి బాబూ, పొడుగుందని పదమూడేళ్లకే అటాకర్ అని ముద్ర వేయించకండి. రిసీవింగ్ నేర్పించమనండి, డిఫెన్స్ నేర్పించమనండి, లిఫ్టింగ్ కూడా. మన పి.వి. రమణ గారు, విజయ గారు ఇద్దరూ వాలీబాల్ వాళ్లే కదా, రమణ గారు 1986 సియోల్ ఏషియన్ గేమ్స్‌లో బ్రాంజ్ తెచ్చిన టీమ్‌లో ఉన్నారు. వాళ్లమ్మాయి సింధు వాలీబాల్ కాకుండా బ్యాడ్మింటన్ అంటే వాళ్లు అటే పంపారు. పిల్ల ఎటు లాగితే అటు.

ముగ్గురు_పిల్లల_తండ్రి
చాలా థ్యాంక్స్ మాస్టారూ, డాక్టర్ గారూ. రేపే ఒంగోలు తీసుకెళ్తా. అకాడమీలో కూడా మాట్లాడతా.

పొడుగుపిల్ల
@ముగ్గురు_పిల్లల_తండ్రి అన్నా, పాప భుజాలు వంచి నడుస్తోందేమో ఒకసారి చూడండి. వంచుతుంటే తిట్టకండి, గామోవా వీడియో పెట్టి చూపించండి. ఆవిడ పేరు చెప్పండి, అంతే.

ముగ్గురు_పిల్లల_తండ్రి
వంచుతుందమ్మా. నేను ఇంతదాకా గమనించలేదు, మీరు రాశాక ఇప్పుడే చూశా. ఏ మ్యాచ్ చూపించమంటారు, టోక్యోదా?

అంతర్వేది_షూటర్
టోక్యో. 35 పాయింట్లు, గోల్డ్, ఇంకేం కావాలి.

పొడుగుపిల్ల
రెండూ చూపించండి అన్నా. ఏథెన్స్ ముందు.